వార్నీషు పులి

ఆ రోజుల్లో మా నారాయణఖేడ్‌లో ఏదైనా పండుగ వస్తుందంటే "ఎవరిది?" అని అడిగే అలవాటు ఎవరికీ లేదు, "ఎప్పుడు?" అని మాత్రమే అడిగేవాళ్లం. ఊరు చిన్నదే. కానీ బజారులో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేలోగా తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ చెవిన పడేవి, కాస్త ఏమరుపాటుగా నడిస్తే నాలుగింటిలోనూ తిట్లు తినొచ్చు. కన్నడం మాట్లాడే శెట్రు వాళ్లు వానకాలం మొదట్లో ఎడ్ల కొమ్ములకు రంగులేసి ఉరికిస్తే ఊరంతా వాటి వెనక ఉరికేది. బతుకమ్మ నాడు సాయబుల ఇళ్లలో ఆడవాళ్లు పరదాల సందులోంచి చూసి, ఏ వాడ బతుకమ్మ ఎత్తుగా ఉందో మరునాడు తీర్పు చెప్పేవాళ్లు. మొహర్రంలో పీర్లు లేస్తే ఊదు పొగలో నిలబడి మొక్కుకునేవాళ్లలో సగం మంది నుదుట బొట్టు ఉండేది. క్రిస్మస్ నాడు మిషన్ కాంపౌండులో నాటకం వేస్తే ముందు వరుసలో కూర్చునేది మా క్రైస్తవులు కాదు, బజారు దుకాణదారులు. (వాళ్లు సొంత చాపలు తెచ్చుకునేవాళ్లు కనక లేవమనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.) ఇన్ని పండుగలు ఒక్క ఊళ్లో ఉండి కూడా ఒకదానికొకటి తగలకుండా ఏళ్లకేళ్లు నడిచాయి. గుద్దుకున్నది ఒక్కసారే, అదీ నా ఒంటి మీద.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోంది (మా ఊరికి ఆ సంగతి గ్యాసునూనె, అదే కిరోసిన్, దొరక్కపోవడం వల్ల తెలిసింది). అమ్మా నాన్నా నా చిన్నతనంలోనే గత్తర, అంటే కలరా, వచ్చి ఒక్క వారంలో పోయారు. నన్ను పెంచింది మా అవ్వ, అంటే నాన్నకు తల్లి. ఆమె కూలికి పోయి నన్ను మిషన్ బడికి తోలింది. ఆ చదువు అయిపోయింది, ఇక నా ముందు రెండే దారులు. ఒకటి, పటేలు దగ్గర జీతానికి కుదిరి ఆయన ఎడ్ల వెనక తిరగడం. మా వాడలో ఒకసారి జీతానికి కుదిరినవాడు మళ్లీ ఆ వాకిలి దాటి తన బతుకు తాను బతికినట్టు నేనెప్పుడూ చూడలేదు. రెండోది, కల్హేర్‌లో మిషన్ వాళ్లు కొత్తగా తెరిచే చిన్న బడికి పంతులు కావడం. మా పాస్టరు అయ్యగారు నా గురించి మంచిమాటలు రాసి పైకి పంపారు. క్రిస్మస్ నాడు బీదరు దిక్కు నుంచి మిషన్ వాళ్ల పెద్దయ్యగారు వస్తారు, నాటకం చూస్తారు, నన్ను పిలిచి నాలుగు మాటలు మాట్లాడిస్తారు, గొంతు బాగుండి మాట స్పష్టంగా ఉంటే పని ఇస్తారు. నా గొంతు ఆయన చెవిన బాగా పడాలని అయ్యగారు నాటకంలో పెద్ద గొల్లవాడి వేషం నాకిచ్చి, రెండు పేజీల మాటలు రాసి పెట్టారు. నెల రోజుల పాటు నేను వాటిని మా మేకల ముందు వల్లె వేశాను. నాకంటే ముందు మేకలకే వచ్చాయని మా అవ్వ అనేది.

ఆ ఏడు పీర్ల పండుగ ఆఖరి రోజు సరిగ్గా క్రిస్మస్ నాడే పడింది. ఒకటి నెలవంకను చూసుకుని నడిచే పండుగ, ఇంకొకటి గోడ మీది క్యాలెండరును చూసుకుని నడిచేది. రెండూ ఒక్కనాడు కలుసుకోవడం మా అందరికీ వింతగా ఉంటే, మా అవ్వకు మాత్రం అది నా కోసం జరిగిన ఏర్పాటులా కనిపించింది. ఎందుకంటే నాకు ఏడేళ్లప్పుడు ఇరవై ఒక్క రోజులు జ్వరం వచ్చింది. బతికితే, మీసం మొలిచినాక వీడికి పులి కట్టిస్తానని అవ్వ పీరుకు మొక్కింది. మా దిక్కు ఆ మొక్కు మామూలే. మొక్కున్నవాడు ఒళ్లంతా పులి చారలు వేయించుకుని, డప్పుల దెబ్బకు ఇంటింటి ముందూ ఎగిరి, చివరికి పీర్ల చావిడి ముందున్న అలావా అనే నిప్పుల గుండం చుట్టూ మూడుసార్లు తిరిగి, వాగులో రంగు కడుక్కుంటే మొక్కు చెల్లినట్టు. మీసం వచ్చి రెండేళ్లయినా నేను తప్పించుకుంటూ వచ్చాను. "ఇది మీసం కాదవ్వా, మసి" అని కూడా చెప్పి చూశాను.

క్రిస్మస్ ముందు రోజు అవ్వ నన్ను గుడిసె గుంజకు ఆనించి నిలబెట్టి అడిగింది.

"పంతులు పని ఇయ్యాల రేపు అనుకుంట ఎందుకు జరుగుతున్నదో ఎరికేనా? పీరు మొక్కు అట్లనే ఉన్నది. గది తీరకుంటే పని రాదు. వచ్చినా నిలవది."

"అవ్వా, అయ్యగారికి తెలిస్తే నన్ను చర్చిల నుంచి ఎల్లగొడ్తడు. పని సంగతి తర్వాత."

"అయ్యగారి నాటకం సాయంత్రం గద? నువ్వు పొద్దుగాల పులివి కా, పగటీలికి మనిషివి కా. గంత దూరంల అయ్యగారు ఎందుకు చూస్తడు? చూసినా రంగుల నువ్వెవ్వనివో ఆయనకేం తెలుస్తది?"

నేనేం చెప్పినా అవ్వ దాకా పోయేది కాదు. పైగా ఆమె ఇంకో షరతు గుర్తు చేసింది. రంగు ఒంటి మీద పడ్డప్పటి నుంచి అది దిగేదాకా పులి మనిషి మాట మాట్లాడకూడదు. గర్జించాలి, లేదా నోరు మూసుకోవాలి. ఒక్క మాట జారినా మొక్కు బుగ్గిపాలు. "పగటీలి దాకనే కదా బిడ్డా, ఓపిక పట్టు" అంది. నిజమే, మధ్యాహ్నం దాకానే కదా అనుకున్నాను నేను కూడా.

పులులకు రంగులు వేసేది ఒక ముసలి ఉస్తాద్. మామూలు రోజుల్లో గోడలకు సున్నం వేసేవాడు, పీర్ల పది రోజులూ మనుషులకు చారలు వేసేవాడు. పొద్దున్నే వెళ్లి చొక్కా విప్పి నిలబడితే, ఆయన నా చుట్టూ ఒక తిరుగుడు తిరిగి పక్కటెముకలు లెక్కపెట్టి, "అరే బేటా, నా ఉమర్‌ల గింత బక్క పులిని చూడలే. చారలు నేను కొత్తగా ఏం గీయాలె? అల్లా ముందే గీసి పంపిండు" అన్నాడు. చిక్కేమిటంటే, ఏటా వాడే పసుపు రంగు పొడి ఆ ఏడు యుద్ధం వల్ల సరిగ్గా రాలేదు, వచ్చింది కాస్తా నాకంటే ముందు మొక్కు తీర్చుకున్న పదిమంది పులుల మీద అయిపోయింది. నేను లోపల సంతోషించాను. రంగు లేకుంటే పులి ఏముంది, నా తప్పు కాదు కదా! అప్పుడే శెట్రు వచ్చాడు. ఈయన బజారులో దుకాణం ఉన్న లింగాయతు, మెడలో లింగకాయ, చేతిలో ఎప్పుడూ తాళంచెవుల గుత్తి. ఏటా పులులకు రంగు పొడి పీరు పేరున ఆయనే ఇచ్చేవాడు, ఆ ఏడు ఇవ్వలేకపోయానని బాధలో ఉన్నాడు. నన్ను చూడగానే "అయ్యో శివా, రంగిల్లదె హులినా!" అని (రంగు లేకుండా పులా అని ఆయన బాధ) ఇంటికి ఉరికి, ఒక డబ్బా తెచ్చి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. దుకాణం తలుపులకు వేయగా మిగిలిన పసుపు పచ్చ వార్నీషు రంగు అది.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ వాకిట్లో పెద్దమనుషులు అంతమంది ఉన్నారు, ఒక్కరికైనా తోచలేదు. పైగా ఒక్క చెయ్యి పూయగానే అందరూ ఆహా అన్నారు. పొడి రంగులాగా వెలవెలబోవడం లేదు, ఎండకు తళతళ మెరుస్తోంది. "చమక్ చూడు! అసల్ పులికి గూడ గింత చమక్ ఉండది" అని ఉస్తాద్ మురిసిపోయి, అందులోనే దీపపు మసి కలిపి నల్ల చారలు కూడా గీశాడు. మొహానికి మీసాలు గీశాడు, నా మీసం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తాడుకు జొన్నాకు చుట్టి తోక కట్టాడు. ఆరడానికి నన్ను చేతులు చాపించి ఎండలో నిలబెట్టారు, చాప మీద ఆరేసిన వడియంలా నేను గంటకు పైగా కదలకుండా ఉన్నాను. ఒంటికి కళ్లు మండే వాసన. "ఉస్తాద్, ఇది కడిగితే పోతదా?" అని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అప్పటికే రంగు పడింది, నేను పులినైపోయాను. గుర్రుమన్నాను. "షాబాష్!" అన్నాడు ఉస్తాద్.

ఎగిరే పని బాగానే జరిగింది, నిజం చెప్పాలంటే నాకు నచ్చింది కూడా. డప్పులు నలుగురు, వెనక పిల్లల గుంపు, ముందు నేను. ఎప్పుడూ నన్ను చూసీ చూడనట్టు పోయే పటేలు గడప ముందు నేను గర్జిస్తే ఆయన స్వయంగా బయటికి వచ్చి బెల్లం ముక్క నోట్లో పెట్టాడు. (ఆ ఒక్క నిమిషం నాకు పంతులు పని కంటే ఈ పనే మేలనిపించింది.) పగటీలికి అలావా చుట్టూ మూడు తిరుగుళ్లూ తిరిగాను, అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది, ఇద్దరం వాగుకు నడిచాం.

వాగులో దిగాను. చలికాలపు నీళ్లు కొరికేస్తున్నాయి. రుద్దాను. రంగు మీద నీటి బొట్లు తామరాకు మీద నిలబడ్డట్టు నిలబడి, జారి, వాగులో కలిసిపోయాయి. పులి ఎక్కడిది అక్కడే ఉంది, ఇంకొంచెం మెరుస్తూ ఉంది. అవ్వ కుంకుడుకాయతో రుద్దింది, బూడిదతో రుద్దింది, చివరికి ఇటుక ముక్కతో రుద్దితే రంగు అట్లాగే ఉంది, కింద తోలు లేచి వచ్చింది. అవతలి ఒడ్డున ఉన్న బర్రెలు మాత్రం నన్ను చూసి నీళ్లలోంచి లేచి, ఒకదాని వెనక ఒకటి, ఊరి దిక్కు పోయాయి. కబురు అందుకుని ఉస్తాద్, శెట్రు ఇద్దరూ వచ్చారు. నా భుజాన్ని గోటితో గీకి చూశారు. శెట్రు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "ఏనాయ్తప్పా! తలుపుకు వేస్తే పది వానకాలాలు ఆగుతది అన్నడు అమ్మినోడు" అన్నాడు. ఆ మాట విని నేను పెట్టిన గర్జన ఆ రోజు మొత్తానికీ అసలైనది.

"సరే బేటా, మొక్కు అయితే చెల్లింది. అలావా తిరిగినవ్. ఇగ నోరు తెరిచి మాట్లాడు, ఫరవా లేదు" అన్నాడు ఉస్తాద్ జాలిపడి.

"ఏందీ?" అంది అవ్వ. "రంగు దిగేదాక అన్నది ఎవరు? నువ్వు కాదా? మీ నాయిన కాదా?"

"గది నీళ్ల రంగు కాలం నాటి కాయిదా అమ్మా. కాయిదా పెట్టినోళ్లకు వార్నీషు తెల్వది."

"వాళ్లకు తెల్వకుంటే నాకెందుకు? రంగున్నది, కంటికి కనవడుతున్నది. పీరుకు కనవడదా? వీడు మాట్లాడడు."

శెట్రు మధ్యలో దూరి, గ్యాసునూనె పోసి రుద్దితే గంటలో పోతుందన్నాడు. ఆ గంట సేపూ ఆగడానికి నేను సిద్ధమే, కానీ గ్యాసునూనె ఎక్కడిది? బజారులో చుక్క లేదు, శెట్రు దుకాణంలోనే ఆముదం దీపం వెలుగుతోంది. ఊరు మొత్తంలో గ్యాసునూనె ఉన్నది ఒక్కచోటే, క్రిస్మస్ ప్రార్థనకు పెట్రోమాక్సు వెలిగించడానికి మా అయ్యగారు నెల నుంచీ దాచిపెట్టిన సీసాలో. ఎవరికి తెలియకూడదని ఇంత నాటకం ఆడామో, ఆయన గుమ్మం ముందే మేం నిలబడాల్సి వచ్చింది.

అయ్యగారు తలుపు తీశారు. నన్ను చూశారు. మూశారు. మళ్లీ తీశారు. అవ్వ దాచిపెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పింది, ఆమెకు చిన్నగా చెప్పడం రాదు కనక చుట్టుపక్కల వాళ్లందరికీ కూడా చెప్పినట్టయింది. ఆయన మొహం ఎర్రబడింది. "నిన్ను పంతులు చెయ్యాలని నేను కాయితాలు రాస్తే, నువ్వు పోయి పులివైతివా? ఏమ్రా? మాట్లాడవేంది?" అని గద్దించారు. నేను చేతులు జోడించాను. "వాడు మాట్లాడడు అయ్యగారూ, రంగు దిగలే" అంది అవ్వ. ఆయన కోపం ఎంతున్నా మనసు మెత్తన. సీసా తెచ్చి ఒక గిన్నెలో కాస్త పోసి గుడ్డతో నా మోచెయ్యి రుద్దారు. పోయింది! జానెడు మేర మనిషి తోలు కనిపించింది. కానీ ఆ జానెడుకే గిన్నె ఖాళీ అయింది. ఆయన సీసాను చూశారు, నా మిగతా ఒంటిని చూశారు, లెక్క కట్టుకున్నారు. "కాదు రా, దేవుని దీపానిది తెచ్చి పులి మీద పొయ్యలేను" అని బిరడా పెట్టేశారు.

నన్ను ఇంట్లో దాచేద్దామంటే కుదరదు. చూపించాల్సిన పంతులు కనిపించకపోతే ఆ పని బీదరు దిక్కు ఇంకో పోరడికి పోతుంది, వాడు ఎదురు చూస్తూనే ఉన్నాడు. అట్లాగని ఈ వేషంలో పెద్దయ్యగారి ముందు నిలబెడితే నా పనీ, దాంతో పాటు అయ్యగారి మాటా రెండూ పోతాయి. ఆయన అటూ ఇటూ నడిచారు, నడిచీ నడిచీ హఠాత్తుగా ఆగారు. "నాటకంల పులి ఉంటే, రంగు నాటకానిది అయితది. అబద్ధం చెప్పే అవసరమే రాదు" అన్నారు మెల్లగా. బెత్లెహేము పశువుల పాకలో పులి ఎందుకుంటుందని ఆయన భార్య లోపలి నుంచి అడిగింది. "శాంతి వచ్చింది కదా! శాంతి వస్తే పులి మేకపిల్ల పక్కన పండుకుంటది. మేకపిల్లను తీసుకరా" అన్నారాయన. నా రెండు పేజీల మాటలు తానే చెప్తానని కంబళి కప్పుకున్నారు. నాకు ఇచ్చిన పని ఒక్కటే, ఓ మూల కదలకుండా పడుకోవడం.

బడి గది బయట తెర కట్టారు. వెనక నల్లబల్లే ఆకాశం, దాని మీద సుద్దతో చుక్కలు. ముందు వరుసలో చాపల మీద శెట్రు, ఉస్తాద్, బజారంతా. పీర్లను వాగుకు సాగనంపి, కాళ్లు కడుక్కుని నేరుగా వచ్చేశారు అందరూ. డప్పుల నలుగురూ కూడా వచ్చి పక్కన కూర్చున్నారు, మా ఊళ్లో ఏ దేవుడికైనా డప్పులు ఆ నలుగురివే. తెర లేచింది. పాకలో మరియమ్మ వేషం కట్టిన పిల్ల, యోసేపు, తెల్ల దుప్పట్ల దేవదూతలు, మూలన తళతళలాడుతూ నేను. "అరె, మన పులి!" అని ఎవరో సంతోషంగా కేక పెట్టారు. ఉస్తాద్ పక్కవాళ్లకు నా చారలు చూపిస్తున్నాడు. అయ్యగారు కంబళి కింద చెమటలు కక్కుతూ "ఓ గొల్లలారా" అని మొదలుపెట్టారు.

పాడు చేసింది మేకపిల్ల. నా పక్కన కట్టేసింది మా ఇంటి మేకపిల్లనే, దానికి నా వాసన తెలుసు, వార్నీషు వాసనకు కూడా అది మోసపోలేదు. శాంతికి గుర్తుగా నా పక్కన పడుకోవాల్సింది పోయి, నా వెనక్కి వెళ్లి తోక తినడం మొదలుపెట్టింది. జొన్నాకు కదా! మొదట చివర, తర్వాత నడుము దాకా. జనం నవ్వు ఆపుకోలేకపోతున్నారు. నేను కదలకూడదు, మాట్లాడకూడదు, అందుకని చిన్నగా గుర్రుమన్నాను. ఆ గుర్రు డప్పుల వాళ్లకు వినపడింది. వాళ్లది తప్పు కాదు. పది రోజులుగా పులి గుర్రుమంటే దెబ్బ వేసిన చేతులవి. టక్కున పులి దెబ్బ అందుకున్నారు. నా కాళ్లది కూడా తప్పు కాదు. ఆ దెబ్బ పడగానే నేను లేచి ఎగురుతున్నాను, సగం తోకతో, వెనక దాన్ని నోట కరుచుకున్న మేకపిల్లతో. దేవదూతలు నా వెనక ఎగిరారు. ఒక గొల్లవాడు ఈల వేశాడు. మరియమ్మ పిల్ల తెలివిగా బాలయేసు తొట్టిని ఓ పక్కకు జరిపి, తానూ చప్పట్లు కొట్టింది. "ఆపుండ్రా! శాంతి! శాంతి!" అని అయ్యగారు గొల్లకర్ర పట్టుకుని మా వెనక తిరుగుతుంటే, ఆయన కూడా ఆటలో ఉన్నారనుకుని బజారు మొత్తం ఈలలు వేసింది.

సరిగ్గా అప్పుడు పెద్దయ్యగారు వచ్చారు. ఆయన ఎక్కిన, బొగ్గుతో నడిచే మోటారు బస్సు ఊరి బయట ఆగిపోతే దుమ్ములో నడిచి వచ్చారు. పొడుగాటి మనిషి, కళ్లద్దాలు, నల్ల కోటు. ఆయన్ని చూసిన ఒక్కొక్క డప్పూ ఆగింది, ఒక్కొక్క దేవదూతా కూర్చుంది. ఆఖరున నేను ఆగాను. ఆయన అందరినీ కలయజూసి, "కల్హేర్ బడికి మీరు చెప్పిన అబ్బాయి ఎక్కడ?" అని అడిగారు. అయ్యగారు నా దిక్కు చూశారు. చాపల మీది వాళ్లంతా సాయం చేద్దామన్నట్టు నన్ను వేళ్లతో చూపించారు.

"నీ పేరేమిటి?" అన్నారాయన.

వెనక వరుస నుంచి మా అవ్వ గొంతు వచ్చింది. "మాట్లాడకు బిడ్డా! రంగు దిగలే!"

ఆ క్షణం నేను నవ్వులాటగా చెప్పలేను. ఒక్క మాట చాలు, నా పేరు చెబితే చాలు, పంతులునైపోవచ్చు. చెప్పకుంటే పొద్దున బెల్లం పెట్టిన పటేలు రేపటి నుంచి నాకు పలుపుతాడు పెడతాడు. నోరు తెరిచాను. అవ్వను చూశాను. ఆమె లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, తన నోరు మూస్తే నా నోరు మూతపడుతుందన్నట్టు. నేను నోరు మూసుకున్నాను. వెనక్కి తిరిగి, తొట్టి దగ్గర పడి ఉన్న సుద్ద ముక్క తీసుకుని, నల్లబల్ల మీద చుక్కల కింద రాశాను. "అవ్వకు మాటిచ్చాను, రంగు పోయేదాకా మాట్లాడను."

పెద్దయ్యగారు దగ్గరికి వచ్చి చదివారు. రెండోసారి చదివారు. తర్వాత అవ్వను ముందుకు పిలిచి, "ఏమ్మా, నువ్వు చర్చికి వస్తావు, పీర్లకూ మొక్కుతావా?" అని అడిగారు. కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టు. అవ్వ కొంగు సర్దుకుని ఆయన మొహంలోకే చూసింది.

"వీనికి ఇరవై ఒక్క రోజులు జరం అయ్యా. కొడుకు పోయిండు, కోడలు పోయింది, వీడొక్కడే ఉన్నడు. మీ దవాఖాన అమ్మ మందిచ్చింది, తాగిచ్చిన. యేసు ప్రభువుకు మోకాళ్ల మీద పడ్డ. పీరు కాడికి పోయిన. శెట్రు వాళ్ల బసవన్న కాడ అయిదు సోమవారాలు దీపం పెట్టిన. వీడు లేసి కూసున్నడు. ఎవరు లేపిండ్రో నాకు తెల్వది. గిప్పుడు నేను ఎవరి కాడికి పోయి, నువ్వు కాదు అని చెప్పాలె?"

శెట్రు తాళంచెవుల గుత్తిని గట్టిగా పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా. మా అయ్యగారు కంబళితో మొహం తుడుచుకున్నారు. పెద్దయ్యగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని నల్లబల్ల వైపే చూస్తూ, "అక్షరం గుండ్రంగా ఉంది" అన్నారు. "రంగు పోయినాక కల్హేర్‌కు పంపండి." పోతూ పోతూ అవ్వతో, "ఇంకా ఏమన్నా మొక్కులు ఉన్నాయా అమ్మా?" అన్నారు. "ఇగ లేవు. యాదికొస్తే చెప్త" అంది అవ్వ.

ఆ రంగు పోవడానికి పదకొండు రోజులు పట్టింది. రోజూ పగలు ఎండలో కూర్చోబెట్టి అవ్వ ఆముదం రాసి, బీరపీచుతో కొంచెం కొంచెంగా రుద్దేది. చేతులు పని చేస్తుంటే ఆమె నోరు ఊరుకునేది కాదు. మా అమ్మ సిర్గాపూర్ నుంచి కాపురానికి వస్తూ ఒక నల్ల కోడిపెట్టను చంకలో పెట్టుకుని వచ్చిందట. దాన్ని కొయ్యనిచ్చేది కాదట. మా నాన్నకు కప్పలంటే భయమట, వానకాలం వస్తే మా అమ్మను ముందు నడవమనేవాడట. గత్తర వచ్చిన వారం అవ్వ వేరే ఊళ్లో కోతకు పోయి ఉందట, కబురు అందేసరికి ఆలస్యమైందట. ఇవేవీ నేను వినలేదు. అంటే, అంతకు ముందు ఆమె ఎన్నోసార్లు మొదలుపెట్టింది, "తెలుసు లే అవ్వా" అని నేను లేచిపోయేవాణ్ని. నాకేమీ తెలియదని ఆ పదకొండు రోజుల్లో తెలిసింది. అడగాలని ఎన్ని ప్రశ్నలు పుట్టాయో! అమ్మ నవ్వేదా? నాన్న గొంతు ఎట్లా ఉండేది? నేను ఎవరిలాగా ఉన్నాను? గుర్రుమని అడిగే ప్రశ్నలు కావు కదా, రంగు దిగినాక అడుగుదామని దాచుకున్నాను.

పదకొండో రోజు వీపు మీద ఆఖరి చార పోయింది. అవ్వ నీళ్లు పోసి, కొంగుతో తుడిచి, "ఇగ మాట్లాడు బిడ్డా" అంది. నేను గొంతు సవరించుకుని, "అవ్వా, రొట్టె ఉన్నదా?" అన్నాను. ఆమె నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. దాచుకున్న ప్రశ్నలు తర్వాత అడుగుదాం లే అనుకుని మరునాడే నేను కల్హేర్‌కు బయలుదేరాను. ఆ తర్వాతి వానకాలంలో ఆమె పోయింది, కబురు అందేసరికి నాకూ ఆలస్యమైంది.

తర్వాత నలభై ఏళ్లు పంతులుగా నోరు ఎండిపోయేలా మాట్లాడుతూనే ఉన్నాను. ఇప్పుడు నాకు అప్పటి మా అవ్వ వయసు కూడా దాటిపోయింది. ఆ పందొమ్మిదేళ్ల పోరణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కోపం రాదు, పాపం ఆకలి మీదున్నాడు. కానీ శెట్రు తలుపులకు పది వానకాలాలు ఆగిన ఆ వార్నీషు, నా ఒంటి మీద ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే ఎంత బాగుండేదో!